కంచె కాసిన కలివి తుప్పలు

“రేపు పొద్దున్నే పొక్లెయినొత్తాది. ఆడికి సెప్పీసేనమ్మా.”

“సెప్పిన నోటితోనే వద్దని సెప్పు. ఆ కలివి తుప్పలు నిన్నేటి సేసేయిరా?”

“గట్టంతా ముళ్లే. అవి పీకీసి సుట్టూ పాత కోకలు కట్టీసుకుంటే పోద్ది. ఊరంతా అదే కడతన్నారు.”

“నేను కట్టుకోడానికే కోకలు సాలటం లేదు, పందులకి కూడా కట్టాలేటి?”

నా కొడుకు ఆ పగలే గట్టు మీద ఒక మూల తుప్పలు నరికించి, అక్కడ చీరలు కట్టి వచ్చాడు. మా చెరుకు మడి కె. కోటపాడు వైపు, కొండ దిగువన. అడవిపందుల బాధ ఎక్కువ. గాలికి చీర ఊగితే మనిషనుకుని పంది రాదని అందరి నమ్మకం.

నేను చదివింది మూడో తరగతే. వాక్కాయ జాతిదే ఆ కలివి చెట్టు, దాని సంగతి మాత్రం నాకు తెలుసు. నీళ్లు అడగదు, ఎరువు అడగదు. ఎండకు గడ్డి మాడిపోయినా దాని దళసరి ఆకు పచ్చగానే ఉంటుంది. ముళ్లు జంటలు, ఒకటి తప్పించుకుంటే రెండోది పట్టుకుంటుంది. కొమ్మ విరిస్తే పాలు కారి వేళ్లు అంటుకుపోతాయి. తెల్లపూలు రాలాక పచ్చికాయ, అది ఎర్రబడి, ఎండలు ముదిరేసరికి నల్లగా నిగనిగలాడుతుంది. కాయలున్నన్నాళ్లూ పప్పులోకి చింతపండు కొని ఎరగను.

“ఒక్క రాత్రి ఆగు,” అన్నాను. “పందులు ఏ పక్కనుంచొత్తాయో పొద్దున్న సూద్దాం. నీ కోకలు గెలిత్తే నేనే దగ్గరుండి పీకించేత్తాను.”

“మాట మీద నిలబడాల మరి.”

“నేనెప్పుడు తప్పేన్రా?”

తెల్లారి ఇద్దరం వెళ్లాం. గిట్టల జాడలు కలివి వెంట పొడుగునా ఉన్నాయి, ఒక్కటీ లోపలికి పోలేదు. నరికిన మూలకొచ్చి చీరల కిందనుంచి దూరాయి. అక్కడి చెరుకు నమిలి పడేశాయి. చెరుకు పోయినందుకు బాధే. అయినా, నిజం చెప్పాలంటే, నా నడుము ఆ ఏడాదంతా అంత నిటారుగా నిలబడలేదు.

వాడు చాలాసేపు జాడలు చూసి, సెల్లు తీసి పొక్లెయిను అతనికి చేశాడు. “రావొద్దులే బావా. తుప్పలు తియ్యటం లేదు.”

నరికిన మొదళ్లు వానకు ఎలాగూ చిగురిస్తాయి. ఖాళీలున్న చోట వాడు గునపంతో గుంతలు తీశాడు. గింజ ఎండితే మొలవదు కనుక, నేను పండిన కాయలు అప్పటికప్పుడే కోసి, చిదిపి, పచ్చి గింజలు వేసి మన్ను కప్పాను.