పిన్ని కొలత తీసిన ఈతకొలను

మా పిన్ని మెడలో టేపు లేకుండా కనిపించిన రోజు నాకు గుర్తు లేదు. వంట చేస్తున్నా, పక్కింటివాళ్ళతో పోట్లాడుతున్నా మెడలో అది వేలాడాల్సిందే. అందుకే వీధిలో పెద్దా చిన్నా అందరూ ఆవిణ్ణి టేపు పిన్ని అంటారు. సొంత పేరుతో ఎవరైనా పిలిస్తే వెంటనే పలకదు కూడా. ఇంటి ముందుగదిలో కుట్టు షాపు, వెనక రెండు గదుల్లో కాపురం, ఆ వెనక ప్రహరీ దాకా ఖాళీ స్థలం. షాపులో రెండో మిషను నాది. కుట్టడం సగం పని, ఆవిడ చేత తిట్లు తినడం మిగతా సగం.

ట్రయల్ చూడకుండా ఆవిడ ఏదీ పూర్తి చేయదు. పెద్దాఫీసరు కోటైనా, బడిపిల్లాడి నిక్కరైనా ముందు కచ్చాకుట్టు వేసి మనిషికి తొడగాల్సిందే. తొడిగాక నిలబడమంటుంది, కూర్చోమంటుంది, వంగమంటుంది, పైన అటక మీది డబ్బా అందుకున్నట్టు చేతులెత్తమంటుంది. వచ్చినవాడు సిగ్గుపడి సగం ఎత్తితే ఊరుకోదు. బట్ట మనిషి మాట వినాలి గానీ మనిషి బట్ట మాట వినకూడదని ఆవిడ సిద్ధాంతం.

మా బాబాయ్ మునిసిపల్ కొలనులో ఈత మాస్టారు. ఊళ్ళో సగంమంది ఆయన దగ్గరే చేతులూ కాళ్ళూ ఆడించడం నేర్చుకున్నారు. రిటైరైన మరుసటి ఏడే పక్షవాతం వచ్చింది. ఎడమ కాలు మెల్లగా దారికొచ్చింది, కర్ర పట్టుకుని నడుస్తాడు. ఎడమ చెయ్యి మాత్రం ఇప్పటికీ దేన్నీ గట్టిగా పట్టుకోలేదు. నీళ్ళలో నడిస్తే కాలికి బలమొస్తుందని డాక్టరు చెప్పగానే పిన్ని ఆయన్ని ఆయన పనిచేసిన ఆ పాత కొలనుకే తీసుకెళ్ళింది. అక్కడ దిగడానికి గోడకి దిగ్గొట్టిన ఇనుప నిచ్చెన తప్ప ఇంకేమీ లేదు. ఆయన దగ్గర ఈత నేర్చుకుని అక్కడే కాపలా ఉద్యోగం చేస్తున్న కుర్రాళ్ళిద్దరు, పాపం ఎంతో భక్తిగా, ఆయన్ని చంకల కింద చేతులేసి ఎత్తి నీళ్ళలో దించారు. మళ్ళీ అలాగే ఎత్తి ఒడ్డున కుర్చీలో కూర్చోబెట్టారు.

ఆ సాయంత్రం బాబాయ్ భోంచేశాడు, టీవీలో వార్తలు చూశాడు. పడుకోబోయే ముందు మాత్రం పిన్నితో అన్నాడట:

"నన్ను మూటలా దించేట్టయితే నాకా నీళ్ళే వద్దు. నా కాళ్ళతో దిగి నా కాళ్ళతో బయటికొచ్చే దారుంటే చెప్పు, వస్తాను."

పిన్ని ఒక పట్టు పట్టిందంటే విడవడం ఉండదు. షాపు పెద్దది చేద్దామనుకున్న ఆలోచన అటకెక్కించి, వెనక స్థలంలో ఈతకొలను తవ్విద్దామంది. విన్నవాళ్ళంతా ఈవిడకి మతిపోయిందన్నారు. నేనూ అన్నాను, కాకపోతే మనసులో. అత్తారింటి నుంచి వచ్చిన వాళ్ళ అమ్మాయి, మా చెల్లి, కరెంటుతో పైకీ కిందికీ కదిలే కుర్చీలుంటాయని, నాన్నని అందులో కూర్చోబెట్టి మీట నొక్కితే చాలని ఉత్సాహంగా చెప్పింది. బాబాయ్ ఆ మాట విని లేచి కర్ర టకటకలాడించుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. కుర్చీ ప్రస్తావన అక్కడితో ముగిసింది.

కొలనులు కట్టే కాంట్రాక్టరు నెమ్మదైన మనిషి. ఫోనులో బొమ్మలు చూపించాడు. నిచ్చెన, మూలన మెట్లు, వెడల్పు మెట్లు, చివర్న అసలు మెట్టే లేకుండా నేల మెల్లగా వాలుతూ నీళ్ళలోకి పోయే రకం. సముద్రం ఒడ్డున నడుచుకుంటూ వెళ్ళినట్టు ఉంటుంది కాబట్టి దాన్ని బీచ్ ఎంట్రీ అంటారన్నాడు. పిన్ని వేలు అక్కడే ఆగింది. అయితే అతను తల గోక్కున్నాడు. వాలు ఎంత సుఖంగా ఉండాలంటే అంత పొడుగు కావాలట, ఇంత చిన్న స్థలంలో వాలుకే సగం పోతే ఇక ఈదడానికి మిగిలేది కొంచెమేనట. వెడల్పు మెట్లయితే చోటు కలిసొస్తుందన్నాడు.

బాబాయ్ కూడా మెట్ల పక్షమే. అన్నాళ్ళు లోతు నీళ్ళలో బతికిన మనిషికి ఆ వాలు బొమ్మ చూస్తే ఒళ్ళు మండింది. అది ఈతకొలను కాదు, పశువుల్ని కడిగే రేవు అన్నాడు. కావాలంటే గట్టున కాస్త పచ్చగడ్డి కూడా వేయించమన్నాడు. పిన్ని కిక్కురుమనలేదు. ఆవిడ వాదించకుండా ఉందంటే మనం జాగ్రత్త పడాలి.

మర్నాడు ఉదయం వెనక స్థలంలో పెద్ద ట్రయల్ మొదలైంది. ఒక పక్క ఇటుకలు పేర్చి మెట్లు చేయించింది. ఇంకో పక్క బల్లచెక్కలు పరిచి, కింద ఇటుకలు పెంచుతూ తగ్గిస్తూ వాలు చేయించింది. తాను నేల మీద చతికిలబడి కూర్చుని బాబాయ్‌ని రెండింటి మీదా నడిపించింది. పైకి చూసింది లేదు, ప్యాంటు అంచు చూసే కళ్ళతో ఆయన ఎడమ మడమ ఒక్కటే చూస్తోంది. మెట్టు దిగిన ప్రతిసారీ ఆ మడమ గాల్లో వెతుక్కుంటోంది. వాలు మీద వెతుక్కోవడం లేదు. వాలు ఎక్కువైనప్పుడు మాత్రం కాలు ఈడుస్తోంది. ఇంకో ఇటుక తీసెయ్, ఇంకోటి తీసెయ్ అంటూ నా చేత అన్నీ మోయించి, చివరికి కాలు ఈడవని వాలు దగ్గర ఆగింది. బాబాయ్ దాని మీద కిందికీ పైకీ తిరిగి తిరిగి, పశువుల మాట మళ్ళీ ఎత్తలేదు. సగం స్థలం వాలు, మిగతా సగం ఆయన గుండెల దాకా వచ్చే లోతు అని ఖాయమైంది. గుండెల దాకా నీళ్ళలో ఈదేది పాలపళ్ళవాళ్ళని గొణిగాడు, కానీ గొణుగుతున్నవాడి మొహం వెలిగిపోతోంది.

పిన్ని రకరకాల టైల్స్ ముక్కలు తెచ్చి స్నానాలగదిలో పరిచి, సబ్బునీళ్ళు పోసి, వాటి మీద నన్ను నడవమంది. నేను జారిన రకాలన్నీ పక్కన పెట్టేసింది. నా నడుముకి తగిలిన దెబ్బల లెక్కన మంచి టైల్సే వచ్చాయి. వాలు పక్కన గోడకి ఒక ఇనుప కమ్మీ కావాలంది. అది ఏ ఎత్తులో ఉండాలో తెలియడానికి బాబాయ్ మోచెయ్యి కొలిచింది, మణికట్టు కొలిచింది, పిడికిలి చుట్టుకొలత కూడా తీసుకుంది. కుడి చెయ్యి బాగా ఉంది కాబట్టి కమ్మీ కుడివైపే అని సుద్దతో గోడ మీద గీత గీసింది. సిమెంటు పని అయ్యాక, నీళ్ళు నింపకముందు ఇంకో ట్రయల్. బాబాయ్ కుడిచేత్తో కమ్మీ పట్టుకుని వాలు దిగాడు. అడుగున నిలబడి చుట్టూ చూశాడు. పిన్ని అందించిన కర్ర అందుకుని దర్జాగా పైకొచ్చేశాడు. కాంట్రాక్టరు కూడా ఇక వంక పెట్టడానికి ఏమీ లేదన్నాడు.

నీళ్ళు నింపిన రోజు షాపుకి సెలవు. పిన్నే కుట్టిన నీలం నిక్కరు వేసుకుని బాబాయ్ వాలు మొదట్లో నిలబడ్డాడు. చెల్లి ఫోను పట్టుకుని వీడియో తీస్తోంది. కాంట్రాక్టరు చేతులు కట్టుకుని, పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డవాడిలా ఉన్నాడు. కర్ర పక్కన పడేసి బాబాయ్ కమ్మీ పట్టుకున్నాడు. పాదాలు తడిశాయి, పిక్కలు తడిశాయి, మోకాళ్ళు మునిగాయి. ఎవరూ చెయ్యందించలేదు, ఆయన ఎవరి వంకా చూడలేదు. నడుము దాకా వచ్చాక కమ్మీ వదిలేసి ముందుకి వాలిపోయాడు.

అమ్మో, ఆ సంతోషం ఏమని చెప్పను. కుడిచెయ్యి నీళ్ళని తోస్తోంది, ఎడమ చెయ్యి ఊరికే వెంట వస్తోంది. అందుకని తిన్నగా పోకుండా ఎడమకి తిరిగిపోతున్నాడు. బండి ఎడమకి లాగుతోందని అరిచి తనే పగలబడి నవ్వాడు. తర్వాత వెల్లకిలా తేలి, కళ్ళు మూసుకుని, చాలాసేపు అలాగే ఉండిపోయాడు. నా కళ్ళు తుడుచుకుంటూ పక్కకి చూస్తే కాంట్రాక్టరు కూడా తుడుచుకుంటున్నాడు.

ఇక చాలనుకుని బాబాయ్ వెనక్కి తిరిగాడు. వాలు దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు. కమ్మీ ఎడమవైపు ఉంది.

ఉండదా మరి! దిగేటప్పుడు కుడివైపున్నది ఎక్కేటప్పుడు ఎడమవైపుకి రాక ఎక్కడికి పోతుంది? ఇంతమందిమి, ఇన్ని ట్రయల్స్ చూసి, ఒక్కళ్ళకీ తట్టలేదు. పొడి గుంటలో అయితే కర్ర ఊతంతో ఎక్కేశాడు. నీళ్ళలో కర్ర తేలుతుంది గానీ ఊతమివ్వదు. బాబాయ్ ఎడమ చెయ్యి కమ్మీ మీద పెట్టి చూశాడు, వేళ్ళు జారిపోయాయి. కుడిచెయ్యి అడ్డంగా తెచ్చి పట్టుకుంటే ఒళ్ళు మెలిదిరిగి కాలు తడబడింది. వీపు ఒడ్డువైపు పెట్టి వెనక్కి నడువు బాబాయ్, కమ్మీ కుడిచేతికొస్తుంది అని నేనో ఉచిత సలహా పారేశాను. ప్రయత్నించాడు, ఎడమ మడమ మొరాయించింది. కాంట్రాక్టరు గబగబా బూట్లు విప్పుతుంటే, ఎవరూ దిగొద్దని బాబాయ్ గట్టిగా అన్నాడు. ఆయన మొహంలోకి ఆ పాత కొలను సాయంత్రం తిరిగొచ్చేసింది. ఈ పూట ఎత్తుకుని బయటికి తెచ్చామా, ఆయన జన్మలో మళ్ళీ దిగడు.

పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పాలిపోయిన మొహంతో మెల్లగా అంది:

"చొక్కాకి కుడిచెయ్యి కుట్టామంటే మనిషి ఎటు తిరిగినా అది కుడిచెయ్యేనే. అలాగే అనుకున్నానే నేను."

ఎన్నేళ్ళుగానో ఒంటితోపాటు తిరిగే బట్టలే కుట్టిన మనిషి. గోడ ఎవరితోపాటూ తిరగదని ఆవిడకి ఆ క్షణం దాకా తట్టలేదు. ఆ మాట అని నా చెయ్యి వదిలేసి, కట్టుబట్టలతో, మెడలో టేపుతో తిన్నగా నీళ్ళలోకి నడిచింది.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ఊరందరికీ ఈత నేర్పినవాడి భార్య బకెట్టు కంటే లోతైన నీళ్ళలో ఎప్పుడూ కాలు పెట్టలేదు. పెళ్ళైన కొత్తల్లో ఆయన రమ్మని బతిమాలితే ససేమిరా అందట. నీళ్ళంటే అంత భయం. అలాంటి మనిషి పిక్కల దాకా వెళ్ళింది, మోకాళ్ళ దాకా వెళ్ళింది. నడుము దాకా వెళ్ళాక భయం గుర్తొచ్చింది కాబోలు, రెండు చేతులూ గాల్లోకి లేపి బిగుసుకుపోయింది.

"ఏవండీ, నా కాళ్ళు నేలకి ఆనడం లేదండీ."

"ఆనుతున్నాయి. కిందికి చూడకు, నావైపు చూడు. ఊపిరి బిగపట్టకు. వదులు. ఆఁ, మళ్ళీ పీల్చు."

ఆ గొంతు విని మా చెల్లి వీడియో తీయడం ఆపేసింది. అది రెండేళ్ళుగా మేం వినని గొంతు. కొలను గట్టున నిలబడి పిల్లలకి ధైర్యం చెప్పే మాస్టారి గొంతు. ఆ గొంతుతోనే మాట్లాడుతూ బాబాయ్ కమ్మీ సంగతి మర్చిపోయి, ఏ ఊతమూ లేకుండా, నీళ్ళని తోసుకుంటూ ఆవిడ దగ్గరికి నడిచాడు. కుడిచెయ్యి చాచాడు. పిన్ని దాన్ని రెండు చేతులా వాటేసుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది.

అలా ఇద్దరూ వాలెక్కడం మొదలుపెట్టారు. ఆయన ఆవిడ మీద ఆనుతున్నాడు, ఆవిడ ఆయన్ని పట్టుకుని వేలాడుతోంది. ఇంకో అడుగు వెయ్యి, తొందరలేదు, ఇంకోటి, అని ఆయన చెబుతూనే ఉన్నాడు. చెబుతూ చెబుతూ తన ఎడమ కాలు ఎలా పడుతోందో చూసుకోవడం కూడా మానేశాడు. అది మాత్రం చక్కగా పడుతోంది. ఒడ్డుకి వచ్చేశాక కూడా పిన్ని కళ్ళు తెరవలేదు.

"ఇక తెరవ్వే. నీళ్ళు నీ కాలి వేళ్ళ దాకానే ఉన్నాయి" అన్నాడు.

పిన్ని ఒక కన్ను తెరిచి కిందికి చూసుకుంది. అప్పుడు మేం నవ్విన నవ్వుకి పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగిచూశారు. కాంట్రాక్టరు ఒంటికాలి బూటుతో నిలబడే, తప్పు తనదీ ఉందని, ఎల్లుండికల్లా రెండోవైపు కూడా కమ్మీ బిగించేస్తానని, మాస్టారు ఇక ఎవరికోసం చూడక్కర్లేదని చెప్పాడు. పిన్ని ఆయన చెయ్యి వదలకుండానే వెంటనే తగులుకుంది.

"కాస్త గట్టిది వెయ్యి బాబూ. ఈయన ఒక్కడికే కాదు. రేపట్నుంచి నేనూ దిగుతాను, నాకూ పట్టుకోడానికి ఏదో ఒకటి ఉండాలిగా."

"నీకు కమ్మీ ఎందుకే?" అన్నాడు బాబాయ్. "నేనున్నాను కదా."

రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఆ మాట అంటూ వచ్చింది పిన్ని ఒక్కతే. ఆయన లేవలేకపోయినా, గుండీ పెట్టుకోలేకపోయినా, ఉన్నట్టుండి కోపమొచ్చి ఏడ్చినా, నేనున్నాను కదా అనేది ఆవిడే. ఇప్పుడు అదే మాట తనకి వినిపించేసరికి, కాంట్రాక్టరుని వదిలేసి ఆయన వైపు తిరిగింది. బాబాయ్ కుడిచెయ్యి ఇంకా రెండు చేతులా పట్టుకునే ఉంది. వదలమని ఆయనా అనలేదు.