ఖాళీ పటం పట్టుకుని నడిచిన అవ్వ

మా పక్కింటి అవ్వ మొన్న బుధవారం పొద్దున దవాఖానలో కన్నుమూసింది. ఆ కబురు తెలియగానే మహబూబాబాద్ బజారులో చాలామంది తలలు దించుకున్నారు. అది దుఃఖమో, పాత భయమో నేను చెప్పలేను.

ఆమెకు ఒక్కడే కొడుకు. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో జులూసుల ముందు నడిచినవాడు. కొన్నేళ్ళకు భూపాలపల్లి వైపు పనికి వెళ్తే, ఒక మధ్యాహ్నం ఎవరో జీపులో ఎక్కించుకుపోయారట. మళ్ళీ కనిపించలేదు. అవ్వ తిరగని ఆఫీసు లేదు. “అసలు అట్లాంటి మనిషే లేడు” అన్నారు తప్ప ఫిర్యాదు రాసుకోలేదు.

నేను గ్రంథాలయంలో పనిచేసేవాణ్ణి. సాయంత్రాలు ఆమెకు పేపరు చదివి వినిపించేవాణ్ణి. సముద్రాల అవతల ఏదో దేశంలో, మాయమైన పిల్లల కోసం తల్లులు తలకు తెల్లగుడ్డ కట్టుకుని, సర్కారు భవనం ముందు వారం వారం నడుస్తున్నారని ఒకరోజు చదివాను.

“లొల్లి చేస్తలేరా?” అంది అవ్వ.

“లేదవ్వా. ఊకె నడుస్తున్నరట.”

“పిల్లలు దొరికిన్రా?”

“అది రాయలేదు.”

తర్వాతి బుధవారం ఆమె తలకు తెల్లగుడ్డ చుట్టుకుని, కొడుకు లేడన్న ఒక సర్కారు ఆఫీసు చుట్టూ నడవసాగింది. కొడుకు ఫోటో ఒక్కటీ లేదు. ఇంట్లో దేవుడి పటంలోంచి బొమ్మ తీసేసి, అద్దం వెనక నల్లగుడ్డ పెట్టి, దాన్నే ఛాతీకి ఆనించుకుంది. చూసినవాళ్ళకు అందులో తమ ముఖమే కనిపించేది.

మూడో వారం పాలకుర్తి నుంచి ఇంకో తల్లి వచ్చింది. తర్వాత మరో ముగ్గురు. నినాదం లేదు. చెప్పుల్లేని కాళ్ళ చప్పుడొక్కటే. వాళ్ళు తిరుగుతుంటే దుకాణాల్లో బేరాలు ఆగిపోయేవి. నడి ఎండాకాలంలో కూడా గుమాస్తాలు కిటికీలు మూసుకునేవారు.

ఏడాది దాటాక ఒక అధికారి బయటకు వచ్చాడు. “ఎవరి కోసమమ్మా?”

“గిండ్ల చూడు సారూ,” అంటూ అవ్వ పటం ఎత్తి చూపింది.

ఆయన వంగి చూశాడు. చప్పున వెనక్కి జరిగాడు. ఆ మధ్యాహ్నమే ఫిర్యాదు రాసుకున్నారు. కాగితంలో కొడుకు పేరును అవ్వ నాతో మూడుసార్లు చదివించుకుంది.

“లేడన్నరు గద బిడ్డా. ఇగ ఉన్నడు.”

కొడుకు రాలేదు. ఆమె నడక మానలేదు. ఆనాటి నుంచి ఎవరొచ్చి అడిగినా అర్జీ రాసిపెట్టడానికి నేను జంకలేదు. ఆ ధైర్యం ఆమె పెట్టిందే.

పోయే ముందురోజు, మంగళవారం, దవాఖానకు చూడబోయాను. అప్పటికే స్పృహ లేదు. దుప్పటి కింద పాదాలు మాత్రం కదులుతున్నాయి, ఒకదాని తర్వాత ఒకటి, తొందర లేకుండా.

“మొన్నటి సంది గిట్లనే,” అంది నర్సు, అటు చూడకుండా.

పాదాల మీద చెయ్యి వేశాను. మంచులా ఉన్నాయి. నా అరచేతి కింద అవి నడుస్తూనే ఉన్నాయి.