వెండి తీసి తూచిన రోజు

ఆ రోజుల్లో మొయినాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో పొద్దున్నే కంపెనీ క్యాబుల హారన్లు మోగేవి. తోటలు ఒక్కొక్కటే ఫామ్‌హౌసులవుతున్నాయి, డిగ్రీ చదివిన మాలాంటి వాళ్లకు మాదాపూర్‌లో ఉద్యోగాలు దొరుకుతున్నాయి. మా ఊరు కనకమామిడి దగ్గర. నా పని సాఫ్ట్‌వేరు టెస్టింగ్. అంటే ఇంకొకరు చేసిన లెక్కలో తప్పు పట్టడానికి జీతం తీసుకోవడం. అసలే అనుమానం మనిషిని, దానికి తోడు ఉద్యోగమూ అదే ఆయె. కూరగాయల బండి దగ్గర కూడా తక్కెడ ముల్లు చూడందే కదిలేదాన్ని కాదు. "నీతోని సంసారమంటే రోజు పరీక్ష రాసినట్టే" అనేవాడు మా ఆయన.

ఏడాది దాటిన మా పాపను అత్తమ్మకు అప్పగించి వెళ్లేదాన్ని. ఆమె దగ్గర ఉంటే నాకు ఏ బెంగా ఉండేది కాదు. పిల్లను కింద పెడితే చీమ కుడుతుందేమో అన్నట్టు చూసుకునేది.

ఒకరోజు క్యాబులో పేపరు తిరగేస్తుంటే జిల్లా పేజీలో ఒక వార్త కనబడింది. మా మండలంలో బరువు తక్కువ పిల్లలు బాగా తగ్గిపోయారట. "మంచిదే కద అక్కా" అంది పక్క సీట్లో అమ్మాయి. మంచిదే, కాదని ఎవరన్నారు? కానీ ఆ ముందు ఆదివారమే పాపకు స్నానం పోస్తుంటే కాలి కడియం జారి నా చేతిలోకి వచ్చేసింది. పుట్టినరోజుకు మా అన్న చేయించి తెచ్చిన లావు కడియాలవి. తెచ్చిన రోజు సబ్బు నురగ రాస్తే తప్ప ఎక్కలేదు.

ఆ మాటే అత్తమ్మతో అన్నాను. ఆమెకు కోపమొచ్చింది.

"ఏం బక్కగయ్యిందే? మొన్ననే అంగన్‌వాడీల తూచిన్రు. పోయినసారి కంటె ముల్లు పైకే పోయింది. తరాజుకు ఏమన్న నీ మీద పగనా?"

పేపరూ ఆ మాటే అంటోంది, తరాజూ ఆ మాటే అంటోంది. నా చెయ్యి మాత్రం ఒప్పుకోవడం లేదు. మళ్లీ తూకం వేసే రోజున సెలవు పెట్టి నేనూ వెంట అంగన్‌వాడీకి వెళ్లాను.

దూలానికి తరాజు వేలాడుతోంది, దానికి గుడ్డ జోలె కట్టి ఉంది. తల్లులంతా వరుసలో ఉన్నారు. ఒక్క పిల్లకైనా ఒంటి మీది బట్ట విప్పలేదు. స్వెట్టరు, టోపీ, కాళ్లకు కడియాలు, నడుముకు వెండి మొలతాడు, మెడలో తాయెత్తులు, అన్నిటితోనూ జోలెలో కూర్చోబెడుతున్నారు. మా దగ్గర పదిమంది ముందు పిల్లను ఒట్టి ఒంటితో ఉంచరు, దిష్టి తగులుతుందని. పైగా పిల్ల పెరిగే కొద్దీ వెండీ పెరుగుతుంది. తొట్టెలలో వేసినప్పుడు సన్న కడియాలు, పుట్టినరోజుకు లావువి. ఎప్పుడూ అదే వెండి ఉంటే, పిల్ల పెరిగిందీ లేనిదీ అయినా తెలిసేది. మా పాపకు కడియాలు మారాయి, ముల్లు పైకి పోయింది, అందరం సంతోషపడ్డాం.

"వెండి తీసి తూచొచ్చు కద టీచరమ్మా?" అన్నాను.

"చెప్పి చెప్పి నా నోరు పోయింది మేడం. తియ్యమంటె పిల్లనే ఎత్తుకపోతరు. వచ్చిన పిల్ల ఈడిచ్చే కోడిగుడ్డన్న తినిపోతదని ఊకుంటున్న. ముల్లు ఏది చూపెడితే అదే రాస్త."

ఆమెను ఏమనగలను? ఎవరూ అబద్ధం ఆడలేదు. అందరూ పిల్లల మేలు కోరేవాళ్లే. అందుకే నాకు ఇంకా మండింది, తిట్టుకోవడానికి ఒక్క మనిషీ దొరకలేదు.

మా వంతు రాగానే పాప కడియం మీద చెయ్యి వేశాను. అత్తమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ముట్టకు! నా పాణం పోయినా తియ్యనియ్య."

"అత్తమ్మా, వాళ్లు రాస్తున్నది వెండి బరువు. మన పిల్లది కాదు."

"నీ సదువు నీ కంపెనీల చూపెట్టు!"

వరుసంతా మమ్మల్నే చూస్తోంది. నాకూ నోరు లేచింది. "దిష్టి తగుల్తదని మీరు భయపడ్తున్నరు. అది బక్కచిక్కిపోతున్నదని నాకు భయమైతున్నది!" అని ఏడ్చేశాను.

అత్తమ్మ పాప ముఖంలోకి చూసింది. తర్వాత వరుస వైపు తిరిగి, "జర అందరు అటు తిరుగుండ్రి" అంది. ఆడవాళ్లు మారుమాట లేకుండా గోడ వైపు తిరిగారు. తన కంటి కాటుక వేలితో తీసి పాప అరికాలికి చుక్క పెట్టింది. వెండి ఒక్కొక్కటే తీసి కొంగున మూట కట్టుకుంది. స్వెట్టరు విప్పి, తానే పాపను జోలెలో కూర్చోబెట్టింది. ముల్లు పోయిన నెల దాకా రాలేదు. వెండి లెక్క తీసేసి చూసుకున్నా, ఆ ముందు నెల దాకా కూడా రాలేదు.

అక్కణ్ణుంచి నేరుగా చేవెళ్ల దవాఖానకు వెళ్లాం. కడుపులో పురుగులున్నాయి, రక్తం కూడా తక్కువగా ఉంది అంది డాక్టరమ్మ. "ఫికర్ చెయ్యకుండ్రి, జల్దీనే తెచ్చిన్రు" అని మందులు రాసిచ్చింది. పాప నెమ్మదిగా తేరుకుంది. ఇప్పుడు నాకంటే పొడుగు, గొంతు కూడా నాకంటే పెద్దదే.

ఆ రోజు తిరుగు బస్సులో అత్తమ్మ కొంగు మూట పట్టుకుని కూర్చుంది. కనకమామిడి దగ్గర పడుతుండగా నా వైపు తిరిగింది.

"మీ ఆయనకంటె ముందు నాకొక కొడుకుండె."

అంతకు ముందు ఆమె నోట ఆ మాట ఎన్నడూ వినలేదు. వేరేవాళ్లు చెప్పగా విన్నాను, అంతే.

"దొంగల భయానికి వాని కడియాలు తీసి దాసిన. వారం తిరగక ముందే పోయిండు. దిష్టి తగిలిందన్నరు. నేను తీసినందుకే పోయిండని ఇన్నేండ్లు ఏడుస్తున్న." నా ఒళ్లో నిద్రపోతున్న పాప కాలు నిమిరింది. "నేను తీసినందుకు కాదా బిడ్డా? వాడు గూడ గిట్లనే బక్కగుండెనా?"

అందరి లెక్కలూ పరీక్షించే దాన్ని.

"ఏమో అత్తమ్మా. అప్పుడు ఎవ్వరు తూచలే కద."

"నేనెత్తుకున్న గద బిడ్డా" అంది. "నా సంకల బరువుగనే ఉండె."