తుపాకీకి పసుపు రాసిన రోజు

సింగపూర్‌లో తుపాకీ అనే మాట లిఫ్టులో కాస్త గట్టిగా అంటే చాలు, పక్కవాళ్లు తమ అంతస్తు రాకముందే దిగిపోతారు. అలాంటి ఊళ్లో నేను పట్టపగలు, పంచె కట్టుకుని, నుదుట కుంకుమ పెట్టుకుని, రెండు చేతులూ ఎర్రగా చేసుకుని, వేట తుపాకీ ఎదుటి బ్లాకు వైపు పెట్టి పోలీసులకు దొరికాను. అంతా భక్తితో చేసిన పనే. మీరు నమ్మరని తెలుసు, ఆ రోజు వాళ్లూ నమ్మలేదు. చివరిదాకా వినండి, ఆ తరువాత ఎంత నవ్వుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ముందు ఎనిమిదేళ్ల కిందటి ఫణీంద్రను, అంటే నన్ను, పరిచయం చేస్తాను. తంజోంగ్ పగార్‌లో ఒక బ్యాంకులో కంప్యూటర్ల ఉద్యోగం. ఉద్యోగం అయ్యాక మిగిలిన బుర్రంతా పాత వేట తుపాకుల మీద. అందులోనూ అన్నీ కాదు, బోల్టు తుపాకులే. ఒక గుండు పేల్చాక పిడి పైకెత్తాలి, వెనక్కి లాగాలి, ముందుకు తోయాలి, కిందికి దించాలి. అప్పుడే రెండో గుండు. "ఆ నాలుగు కదలికల్లో వందేళ్ల కిందటి పనివాడి తెలివంతా ఉంది" అని అడిగినవాళ్లకు చెప్పేవాణ్ణి. అడగనివాళ్లకు ఇంకాస్త ఎక్కువసేపు చెప్పేవాణ్ణి.

ఇక నా సంగ్రహం. పాత కేటలాగులు ఒక బీరువా నిండా. కొలతలు వేసిన పటాలు నాలుగు గొట్టాల నిండా. తుపాకీ కట్టెకు వాడే వాల్‌నట్ చెక్క ముక్కలు పదకొండు. తుపాకులు సున్నా. ఇక్కడి చట్టం అంత గట్టిది మరి.

"చేపలు లేని అక్వేరియం తుడుస్తూ కూర్చున్నట్టుంది మీ వరస" అనేది మా ఆవిడ సుజాత.

"ఎప్పటికైనా ఒక తుపాకీ కాగితం మీద నా పేరు పడుతుంది, చూస్తూ ఉండు" అనేవాణ్ణి. నాకు పట్టుదల ఎక్కువ. తెలివి సంగతి మీరే తేల్చుకుందురు గాని.

ఆ పట్టుదలకు దారి చూపించినవారు సింహాచలం అంకుల్. వాళ్ల తాతల కాలంలోనే విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చేసిన కుటుంబం. తువాస్ ఓడల కార్ఖానాలో జీవితమంతా వడ్రంగం చేసి రిటైరై, బిషాన్‌లో ఆంటీతో ఉంటున్నారు. ఒక ఉగాది విందులో నేను ఎవరికో వాల్‌నట్ చెక్క గీతల గురించి ఉపన్యాసం ఇస్తుంటే, వెనక నుంచి "తప్పు సెప్తన్నావు బాబూ" అన్నారు. అంతే, నేను పులిహోర విస్తరితో సహా లేచి ఆయన పక్కన కూర్చున్నాను.

ఆయన ఇంటి గోడ మీద నిజం తుపాకీ ఉంది! జలసంధికి అవతలి ఒడ్డున రబ్బరు తోటలో పనిచేసే రోజుల్లో వాళ్ల నాన్న అడవిపందులను కొట్టిన బోల్టు తుపాకీ. గొట్టం శాశ్వతంగా మూసేసి, పేల్చే సూది తీసేసి, పోలీసు అనుమతి కాగితాన్ని ఫ్రేము కట్టి పక్కనే తగిలించారు. పాత కట్టె చెదలు తినేస్తే అంకుల్ స్వయంగా వాల్‌నట్‌తో కొత్తది చెక్కారు. తేనె రంగు, అందులో నల్లటి గీతలు, చెంప ఆనే చోట చిన్న ఉబ్బు. మొదటిసారి చూసినప్పుడు నాకు నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆంటీ ఉల్లిపాయలు కోస్తున్నారని సర్దుకున్నాను.

మూడేళ్లు ప్రతి ఆదివారం వెళ్లాను. చూడనిచ్చేవారు, ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆ దసరాకు మాత్రం పిలిచి కూర్చోబెట్టారు.

"పై వారం ఈ కాయితం తిరగరాయించాల. నా తరవాత ఎవరి సేతిలో ఉంటాదో పేరు రాయాల. మా పిల్లలకి ఇది అక్కర్నేదు" అన్నారు.

నేను కుర్చీ అంచుకు జరిగాను.

"ఈయాళ మేం కోయిల్‌కి ఎల్లొస్తాం. నువ్వొక్కడివే ఉండి, దీనికి అవిసె నూనె పట్టించి, అరిసేత్తో రుద్ది, మళ్లీ గోడకి పెట్టు. నీ పనితనం సూస్తాను. సూసే పేరు రాస్తాను. బొలే?"

బొలే అంటే ఇక్కడి మలయ్ మాటలో చేయగలవా అని. "చేయగలను అంకుల్!" అన్నాను, సైన్యంలో చేరుతున్నవాడిలా నిలబడి.

"అంతకంటె ఏటీ సెయ్యకు" అన్నారు, చెప్పులేసుకుంటూ.

ఆ చివరి మాట ఒక్కటి బుర్రలోకి వెళ్లి ఉంటే మీకు ఈ రోజు చదవడానికి ఏమీ ఉండేది కాదు.

నూనె పని బ్రహ్మాండంగా చేశాను. నాలుగు చుక్కలు, అరచేతి వేడి, కట్టె పొడవునా గంటసేపు. చెక్క మెరిసిపోయింది. బోల్టు మెల్లగా లాగి వదిలాను. ఆ టక్కుమనే చప్పుడు కోసం పదేళ్లు కాచుకున్నాను. ఎవరూ లేరు కదా అని ఇంకో ముప్పైసార్లు లాగాను.

గోడకు పెట్టబోతూ ఆగాను. ఆ రోజు ఆయుధపూజ. ఊళ్లో మనవాళ్లందరూ ల్యాప్‌టాప్‌కు, కారుకు, మిక్సీకి కూడా బొట్టు పెట్టుకుంటారు. నిజమైన ఆయుధం, ఆ మాటకు అచ్చంగా సరిపోయేది, మా అందరిలోనూ నా ఒక్కడి చేతిలోనే ఉంది. దానికి పూజ లేకపోవడమేమిటి? అంకుల్ తిరిగొచ్చి చూస్తే ఎంత పొంగిపోతారు! పేరు రాయడమేమిటి, నన్ను దత్తత తీసుకున్నా ఆశ్చర్యం లేదు.

ఆంటీ దేవుడి గూట్లో నుంచి పసుపు, కుంకుమ, నిమ్మకాయలు తెచ్చాను. అంకుల్ పంచె ఒకటి కట్టుకున్నాను. పసుపు తడిపి ముద్దచేసి, కట్టె మీద మూడు పెద్ద బొట్లు పెట్టాను. మూడు చాలక ఐదు చేశాను. నేను ఏ పనీ సగం చేయను. కుంకుమ అద్ది, దండం పెట్టి, ఫొటో తీసుకున్నాను. ఒక బొట్టు కాస్త వంకరగా వచ్చిందనిపించి గుడ్డతో తుడిచాను.

అప్పుడే నూనె పట్టించిన చెక్క అది. దాని మీద తడి పసుపు. గుడ్డ ఎటు వెళ్తే పసుపు అటు వెళ్లింది. ఇంకాస్త తుడిస్తే ఇంకాస్త దూరం వెళ్లింది. పావుగంటలో తేనె రంగు తుపాకీ పెళ్లికూతుర్ని చేసినట్టు తయారైంది.

కంగారు పడలేదు. పట్టుదల ఉన్నవాడు కంగారు పడడు. వంటింట్లో బట్టల సబ్బు కనపడింది. తడిగుడ్డకు సబ్బు రాసి గట్టిగా రుద్దాను.

ఎర్రబడింది!

పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని నాకు తెలియదా? మా అమ్మమ్మ చేస్తుంటే వందసార్లు చూశాను. పసుపు మరక మీద సబ్బు పడినా అదే అవుతుందని సమయానికి తోచలేదు. కట్టె ఎర్రగా, నా చేతులు ఎర్రగా, గుడ్డ ఎర్రగా. ఎవరినో చంపి సాక్ష్యం కడుగుతున్నవాడిలా ఉన్నాను. నిమ్మకాయ కోసి పిండాను. మళ్లీ పచ్చబడింది. హమ్మయ్య అనుకుని పులుపు పోవాలని ఇంకోసారి సబ్బు పెట్టాను. మళ్లీ ఎర్రబడింది. సుజాతకు ఫోన్ చేశాను.

"పసుపు మరక ఎలా పోతుంది?"

"దేని మీద పడింది?"

"ఒక... చెక్క వస్తువు మీద."

"సబ్బు పెట్టలేదు కదా?"

చేతిలో ఉన్న సబ్బు బిళ్ల మెల్లగా కింద పెట్టాను.

"పెట్టారా! పసుపు మీద ఎవరైనా సబ్బు పెడతారా అండీ? ఎండలో పెట్టండి. పసుపు ఎండకు వెలిసిపోతుంది. ఇంతకీ ఏమిటా చెక్క వస్తువు?"

"చపాతీ పీట" అని పెట్టేశాను.

ఎండ! ఆ మాట నెత్తిన పాలు పోసినట్టుంది. ఇంట్లోకి ఎండ రాదు. బయట వరండాలో మాత్రం పిట్టగోడ మీద, కరివేపాకు కుండీల మధ్య, దివ్యంగా కాస్తోంది. తువ్వాలు పరిచి తుపాకీని దాని మీద పడుకోబెట్టాను. మరక ఉన్న వైపుకు ఎండ తగలాలంటే గొట్టం ఎదుటి బ్లాకు వైపు తిరగాలి. తిప్పాను. మరక తగ్గుతోందో లేదో తెలియాలంటే కట్టె మీద వెలుతురు వాలుగా చూడాలి. అందుకని వంగి, చెంప కట్టెకు ఆనించి, ఒక కన్ను మూసి చూశాను. ప్రతి రెండు నిమిషాలకూ అలా వంగి చూస్తూనే ఉన్నాను.

ఎదుటి బ్లాకులో మొక్కలకు నీళ్లు పోస్తున్న ఒక చైనీస్ ఆంటీ నా వైపే చూస్తూ నిలబడిపోయింది. పలకరింపుగా చేయి ఊపాను. ఎర్రచేయి. ఆవిడ పైపు అక్కడే వదిలేసి లోపలికి పరుగెత్తింది. పాపం, పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టుందని అనుకున్నాను.

కాసేపటికి వరండా రెండు చివర్ల నుంచీ ఒకేసారి బూట్ల చప్పుడు.

"సార్! డోంట్ మూవ్! హ్యాండ్స్ అప్!"

ఎత్తాను. ఎర్రగా ఉన్నాయని ఎత్తాక గుర్తొచ్చింది. పంచె వదులైంది, చేతులు దించి పట్టుకునే వీల్లేదు. జీవితంలో అంత నిష్ఠగా పొట్ట ఉబ్బించి ఎప్పుడూ నిలబడలేదు.

"వాట్స్ దట్ రెడ్ థింగ్?" ముందున్న యువ ఆఫీసరు అడిగాడు.

"టర్మరిక్, సార్."

"టర్మరిక్ ఈజ్ యెల్లో, సార్."

"సబ్బు పెడితే రెడ్ అవుతుంది సార్. నిమ్మకాయ పెడితే మళ్లీ యెల్లో."

అతను వెనకనున్న వాళ్లకేసి చూశాడు. ఎవరూ సాయం చేయలేదు.

"వై యూ ఎయిమింగ్ అట్ దట్ బ్లాక్?"

"ఎయిమ్ కాదు సార్, ఆరబెడుతున్నాను!"

"డ్రైయింగ్? ఎ రైఫిల్? లైక్ లాండ్రీ?"

ఔనని తలూపాను. పెద్దగా చెప్పుకోదగ్గ జవాబు కాదు గాని నా దగ్గర ఉన్న నిజం అదొక్కటే.

సరిగ్గా అప్పుడే లిఫ్టు తెరుచుకుని అంకుల్, ఆంటీ ప్రసాదం పట్టుకుని దిగారు. ఆంటీ "అయ్యో కడవులే!" అని అరవంలో దేవుణ్ణి పిలిచి గోడకు జారబడ్డారు. అంకుల్ పోలీసులకు సలాం పెట్టి, లోపలికి వెళ్లి, ఫ్రేముతో సహా అనుమతి కాగితం తెచ్చి చేతిలో పెట్టారు. అప్పుడు తుపాకీ వైపు తిరిగారు. తను ఒక ఏడాది పాటు చెక్కిన కట్టె మీద వేలు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు రాసుకుంటూ వెళ్లారు. ఆ వేలు చూస్తుంటే పోలీసులు నన్ను తీసుకుపోయినా బాగుండుననిపించింది. నాకంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు.

"నూనె పట్టించమన్నాను" అన్నారు మెల్లగా.

"పట్టించాను అంకుల్."

"అది బాగానే పట్టించావు. అందుకే గదా పసుపు కూడా లోనికంటా ఎల్లిపోనాది."

ఆఫీసరు గొట్టం లోపల దీపం వేసి చూశాడు, సూది లేదని చూశాడు, కాగితం రెండుసార్లు చదివాడు. చదివి ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు.

"అంకుల్, హియర్ ఇట్ సేస్ బ్రౌన్ వుడ్."

అందరం తుపాకీ వైపు చూశాం. ఒక వైపు పచ్చగా, ఒక వైపు ఎర్రగా ఉంది. ఎంత వెతికినా బ్రౌన్ దొరకలేదు.

చివరకు తేలింది ఇది. తుపాకీ ఇంట్లోంచి బయటికి తేవడం పెద్ద తప్పు. ప్రాణహాని ఏమీ లేదు గనుక, పెద్దాయన వయసు చూసి గట్టి హెచ్చరికతో సరి. పై వారం కాగితం తిరగరాసేటప్పుడు రంగు కూడా సరిచేయించుకోవాలి, ఇలా మళ్లీ జరగదని హామీ రాసి దానికి జతచేయాలి. వాళ్లు వెళ్లేముందు ఆంటీ చక్కెర పొంగలి పెట్టారు. యువ ఆఫీసరు తిని, పసుపు రంగు చూసి, "సేమ్ టర్మరిక్?" అని అనుమానంగా అడిగాడు.

తరువాతి వారం అంకుల్ ఫోన్ చేసి రమ్మన్నారు. వెళ్తూ దారంతా క్షమాపణ వల్లించుకున్నాను. గోడ మీద కొత్త కాగితం, కొత్త ఫ్రేము. "సదువు" అన్నారు. రంగు అన్న చోట "పసుపు, అక్కడక్కడ ఎరుపు". దాని కింద నా పేరు! ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పు లేకుండా. నా పట్టుదల ఫలించింది, పదేళ్ల కల నిజమైంది. అంకుల్ కాళ్లకు దండం పెట్టబోయాను.

"దండాలు తరవాత. పైనున్న ముక్క కూడా సదువు."

చదివాను. "ఈ ఆయుధాన్ని తాకడానికి వీల్లేని వ్యక్తి."

కనక, పాఠకులారా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. తుపాకీకే కాదు, ఇకమీదట ఏ చెక్క వస్తువుకూ, చపాతీ పీటతో సహా, నా చేత్తో పసుపు రాయను. రాసినా సబ్బు పెట్టను. పెట్టినా ఎండలో ఆరబెట్టను. సాక్షి సంతకం ఆంటీది. సింగపూర్ మొత్తంలో ఒక తుపాకీని తాకకూడదని చట్టప్రకారం పేరు రాయించుకున్న సంగ్రాహకుణ్ణి, నాకు తెలిసినంతలో, నేనొక్కణ్ణే. ఆ కాగితం నకలు ఒకటి అడిగి తెచ్చుకుని నా సంగ్రహంలో భద్రంగా పెట్టుకున్నాను.