ఎర్రగా వేసిన రాత్రి

నా చిన్నప్పుడు మా ఊళ్ళో రాత్రి నల్లగా ఉండేది కాదు. ఈ మాట అంటే బయటివాళ్ళు ఇప్పటికీ నా వంక అదోలా చూస్తారు. మేం ఉండేది జంషెడ్‌పూర్‌లో, బర్మామైన్స్ అనే పేటలో. ఒక పక్క రైలు పట్టాలు, ఇంకో పక్క ఉక్కు కార్ఖానా, మధ్యలో మా ఇరుకు సందు. కొలిమిలో ఇనుము కరిగాక పైన తేలే మడ్డిని స్లాగ్ అంటారు. పొద్దుగూకాక దాన్ని పెద్ద పెద్ద బానల్లో తీసుకెళ్ళి గుట్ట మీంచి ఒంపేవారు. ఒంపిన ప్రతిసారీ ఆకాశం సగం దాకా ఎర్రబడేది. కరెంటు పోయిన రోజుల్లో మా అమ్మ సూదీ దారం పట్టుకుని గడపలో కూర్చుని ఆ ఎరుపు కోసం కాచుకునేది. ఆకాశమంటే అలాగే ఉంటుందని, అన్ని ఊళ్ళలోనూ అంతేనని నేను అనుకునేదాన్ని.

ఆ కొలిమి దగ్గరే మా తాతయ్య ముసలివాడయ్యాడు. శ్రీకాకుళం వైపు నుంచి మీసాలు రాకముందే వచ్చి పనిలో చేరినవాడు. చదువు రాదు. కానీ నిప్పు రంగు చూసి లోపల ఇనుము కుదిరిందో లేదో చెప్పేవాడు. వేడి చెప్పే మీటర్లు వచ్చాక కూడా ఇంజనీరు బాబులు ఓసారి తన మొహం వంక చూసేవారని చెప్పుకుని మురిసిపోయేవాడు. చెక్క చట్రంలో బిగించిన నీలం అద్దం ఒకటి ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఉండేది. ఒట్టి కళ్ళతో కొలిమిలోకి చూస్తే చూపు పోతుంది కాబట్టి ఆ అద్దంలోంచే చూడాలి. పెట్టుకోగానే చీకటి తప్ప ఏమీ కనబడదట. కన్ను కుదురుకునే దాకా ఆగితేనే లోపలి ఇటుకలూ, ఇనుము ఉడుకూ తేలతాయట. ఉద్యోగం దిగిపోయినా ఆ అద్దం జేబులోంచి దిగలేదు. ఎక్కడ మంట కనబడినా చెయ్యి దానంతటదే జేబులోకి పోయేది. ఒక పెళ్ళిలో హోమం ముందు అద్దం తీసి గంభీరంగా చూడబోతే పంతులుగారు మంత్రం మరిచిపోయారు.

నాకు పదేళ్ళప్పుడు బళ్ళో 'రాత్రివేళ మా ఊరు' అని బొమ్మ వెయ్యమన్నారు. నేను ఎర్ర రంగు ముక్క మొత్తం అరగదీసి వేశాను. డ్రాయింగు సారు ఆ ఏడే ఎక్కడినుంచో కొత్తగా వచ్చినాయన. నా కాగితం ఎత్తి క్లాసంతటికీ చూపించి, రాత్రి ఆకాశం నల్లగా ఉంటుందని కూడా తెలీదా అని, ఈ మూల నుంచి ఆ మూలకి పెద్ద ఇంటూ కొట్టారు. ఆయన్ని నేను పెద్దగా తప్పుపట్టను, ఆయన ఊళ్ళో రాత్రి నల్లగానే ఉండి ఉంటుంది. నన్ను కోసింది మిగతా పిల్లల నవ్వు. రోజూ నాతోపాటు మేడెక్కి ఆ ఎరుపు చూసేవాళ్ళే పకపకా నవ్వారు.

ఇంటికొచ్చి కాగితం ఉండచుట్టి బొగ్గుల బకెట్‌లో పడేశాను. రంగుల పెట్టె పక్కింటి పిల్లకి ఇచ్చేశాను. మా ఇంట్లో మొండితనానికి పోటీ పెడితే మొదటి బహుమతి నాదే. ఇక జన్మలో బొమ్మ వెయ్యనన్నాను, వెయ్యలేదు. అంతటితో ఆగితే బాగుండేది. ఆకాశం ఎర్రబడే వేళకి లేచి వెళ్ళి కిటికీ రెక్క మూసెయ్యడం మొదలుపెట్టాను. నా కళ్ళే నాకు అబద్ధం చెబుతున్నాయనిపించేది. ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

ఆ వేసవిలో మా నాన్న ఢిల్లీకి పాసు తీశాడు. నాన్నది టాటానగర్ యార్డులో రైల్వే ఉద్యోగం. తాతయ్య మాత్రం తన టికెట్టు తనే కొనుక్కున్నాడు. "నాను కంపినీ మనిషిని, రైలోళ్ళ పాసు నాకెందుకురా?" అన్నాడు. నాన్నకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఢిల్లీలో ఒక మధ్యాహ్నం అమ్మా నాన్నా మమ్మల్ని తీసుకుని బజారుకి బయల్దేరారు. దారిలో ఒక పెద్ద భవనం కనబడింది. దేశం మొత్తంలో గొప్ప బొమ్మలన్నీ అందులో పెడతారని, సర్కారుదేనని, టికెట్టు కూడా లేదని నాన్న చెప్పాడు. తాతయ్య అక్కడే ఆగిపోయాడు. "ఊరికే సూపించే బొమ్మల్లో ఏటుంటాది మావయ్యా?" అంది అమ్మ. "పంకాలుంటాయి, మంచినీళ్ళుంటాయి. నానూ గుంటా ఈడనే ఉంటాం, మీరెళ్ళి రండి" అన్నాడు తాతయ్య. గుంటంటే మా శ్రీకాకుళం మాటలో ఆడపిల్ల, అంటే నేను. నేనూ పంకాల కోసమే అనుకున్నాను. తాతయ్య రైల్లోనే మూడుసార్లు మా నాన్నని ఆ బొమ్మల ఇల్లు ఎక్కడుందని వాకబు చేశాడని చాలా ఏళ్ళ తర్వాత గానీ నాకు తెలియలేదు.

గుమ్మం దగ్గర తాతయ్య చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంటే కాపలావాళ్ళు వేసుకోమన్నారు. లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. నేను మూతి ముడుచుకుని నేల చూస్తూ నడిచాను. బొమ్మలంటే అప్పటికి నాకు అంత కచ్చ. తాతయ్య మాత్రం డ్యూటీలో ఉన్నవాడిలా ఒక్కొక్క గోడే తనిఖీ చేస్తూ పోయాడు.

ఒక గది చివర ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు ఒక బొమ్మని చూసి నవ్వుకుంటున్నారు. అందులో ఆకాశం మండిపోయే పసుపు రంగులో ఉంది, మట్టి దారి నెత్తురులా ఉంది, చెట్లేమో నీలం. అది చూడగానే తాతయ్య చెయ్యి జేబులోకి పోయింది. నీలం అద్దం తీసి కంటికి పెట్టుకుని బొమ్మ మీదికి వంగాడు. అంతే, కాపలా మనిషి పరుగెత్తుకొచ్చాడు. వయసు మళ్ళినవాడే, ఖాకీ బట్టలు, మెడలో మఫ్లరు లాంటి తువ్వాలు. బొమ్మని ఏం చేస్తున్నావని గద్దించాడు. తాతయ్య తన బర్మామైన్స్ హిందీలో, "భట్టీ కా ఆద్మీ హూఁ బాబూ, ఆదత్ హై" అని, కొలిమి మనిషిని, అలవాటైపోయిందని చెప్పుకుని అద్దాన్ని ఆయన చేతికే ఇచ్చాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, దీపం వైపు పెట్టి తనూ ఓసారి చూసి, తిరిగి ఇచ్చేశాడు.

అప్పుడు తాతయ్య నన్ను ఆ బొమ్మ ముందు నిలబెట్టాడు. "కన్ను కుదురుకోనీ" అన్నాడు. నాకు మొదట తప్పు రంగులే కనిపించాయి. కదలబోతే భుజం పట్టుకుని ఆపాడు. అలా ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. ఉన్నట్టుండి నాకు మా రైలు పట్టాల వెంబడి మే నెల మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఎండ మొహాన కొడుతుంటే కళ్ళు చికిలించి చూస్తామే, అప్పుడు దూరపు చెట్లు ఆకుపచ్చగా ఉండవు. అచ్చం ఆ నీలమే. ఆ మాట తాతయ్యతో అన్నాను.

"మరదే. ఆడు సూసేడు గనకే ఏసేడు. సూడకుండా ఇంట్లో కూకుని ఏత్తే ఇలాగొత్తాదేటి?" అన్నాడు. మళ్ళీ బొమ్మ వంక చూసి, "ఈడికీ సిన్నప్పుడు మేష్టరు ఇంటూ కొట్టే ఉంటాడు. ఇప్పుడు సూడు, సర్కారోడు కాపలా ఎట్టేడు" అన్నాడు.

అని, చొక్కా లోపలి జేబులోంచి నాలుగు మడతల కాగితం ఒకటి తీసి విప్పాడు. నా ఎర్ర రాత్రి! బొగ్గుల బకెట్‌లోంచి ఏరి, పరుపు కింద పెట్టి ముడతలు సాపు చేసి, ఇన్నాళ్ళూ దాచాడన్నమాట. బొగ్గు మరకలూ, సారుగారి ఇంటూ అలాగే ఉన్నాయి. దాన్ని తీసుకెళ్ళి ఆ పెద్ద బొమ్మ పక్కన, అంతే ఎత్తున, చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నాకు సిగ్గుతో ప్రాణం పోయింది. పంచె పట్టుకు లాగాను. ఆయన కదల్లేదు.

కాపలా మనిషి మళ్ళీ వచ్చాడు. గోడ ముట్టుకోవద్దన్నాడు. ముట్టుకోవడం లేదన్నాడు తాతయ్య. నిజమే, కాగితానికీ గోడకీ మధ్య బెత్తెడు జాగా ఉంది. ఆయన నా బొమ్మని తేరిపార చూశాడు. ఇదేమిటని నన్నడిగాడు. రాత్రి అన్నాను. ఆయన నవ్వలేదు. "కహాఁ దేఖా, బిటియా?" అన్నాడు. ఎక్కడ చూశావమ్మా అని.

ఆ ప్రశ్న నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. చెప్పడం మొదలుపెడితే ఆగలేకపోయాను. బానలు, గుట్ట, ఒంపుడు, అమ్మ సూదీ దారం, మేడ మీద పిల్లలు, అన్నీ చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను కూడా. అంతా విని ఆయన, గోడకి తగలకుండా కాసేపు ఉంచుకోమని తాతయ్యకి చెప్పి, తన చోటికి వెళ్ళి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. రెండు బొమ్మలకీ కలిపి కాపలా కాశాడు. ఇందాక నవ్విన కుర్రాళ్ళు తిరిగొచ్చి పెద్ద బొమ్మ చూసి, వరసలో నా బొమ్మా చూశారు. ఒకడైతే వేసినవాళ్ళ పేరు కోసం కిందికి వంగి వెతికాడు.

తాతయ్య ముంజేతి నిండా నిప్పురవ్వలు పడ్డ తెల్లని మచ్చలు. ఆ చెయ్యి కాసేపటికి వణకడం మొదలుపెట్టింది. అయినా దించలేదు, చెయ్యి మార్చుకోలేదు. అమ్మా నాన్నా గదిలోకి వచ్చి కనబడ్డాకే దించి, కాగితం మడిచి నాకిచ్చాడు. "దాసుకో" అన్నాడు.

ఊరు చేరిన సాయంత్రం మా రైలు స్టేషనులో ఆగేటప్పటికి ఆకాశం ఎర్రబడింది. తలెత్తి చూశాను. మర్నాడు పక్కింటి పిల్లతో జుట్టూ జుట్టూ పట్టుకుని మరీ నా రంగుల పెట్టె తెచ్చుకున్నాను.

తర్వాత నేనే డ్రాయింగు టీచరునై టెల్కో కాలనీ వైపు బళ్ళో చాలా ఏళ్ళు పనిచేశాను. కోపిష్టి టీచరన్న పేరు నాకుంది, కాదనను. కానీ ఎక్కడ చూశావని అడగకుండా ఏ బిడ్డ బొమ్మ మీదా ఇంటూ పెట్టలేదు. ఒక పిల్లాడు తెల్ల కాకిని వేశాడు. అడిగితే, జుగ్సలాయి పేటలో వాళ్ళ ఇంటెదురు పిండిమిల్లు మీద వాలే కాకి అన్నాడు. సరిగ్గానే చూశాడు వాడు.

మా పేటలోంచి ఇప్పుడు ఆ ఎరుపు కనబడదు. మా మనవరాలికి చెబితే కథలు చెబుతున్నాననుకుంటుంది. అందుకే ఆ కాగితాన్ని బీరువాలో చీరల మధ్య దాచుకున్నాను. పోయినేడాది దాన్ని సంచిలో పెట్టుకుని, పిల్లని తీసుకుని ఢిల్లీలో ఆ బొమ్మల ఇంటికి వెళ్ళాను. నీలం చెట్ల బొమ్మ ఆ గోడ మీద లేదు, ఇంకేదో ఉంది. దాని పక్కన, బెత్తెడు ఎడంగా, నా కాగితం ఎత్తి పట్టుకున్నాను. "అమ్మమ్మా, క్యా కర్ రహీ హో?" అని, ఏం చేస్తున్నావంటూ మా పిల్ల కంగారుపడింది. తాతయ్య పట్టుకున్నంతసేపు పట్టుకోగలనేమో చూద్దామనుకున్నాను. పట్టుకోలేకపోయాను. చెయ్యి చాలా తొందరగా నొప్పి పుట్టింది.