మొదటి వాయిదా

సుకుమార్ నల్లకోటు తొడిగి నెల కాలేదు గాని, ఖానాపురం హవేలి వీధుల్లో తిరిగే అతని బండి మీద 'అడ్వకేట్' అనే అక్షరాలు నంబరు కంటే పెద్దవి. పొద్దున్నే పామరేనియన్ కుక్క జూలీకి షాంపూ స్నానం చేయించి, బొచ్చు దువ్వి, అదే దువ్వెనతో తన తలా దువ్వుకుంటాడు. ఆ రోజు అతని మొదటి కేసు. అడవిలో కలప కొట్టాడని జైల్లో పెట్టిన కొడుక్కి బెయిలు కోసం తండా నుంచి దేవ్లా వచ్చాడు. కేసు పిలిచేసరికి సుకుమార్‌కు ఫైల్లో ఏముందో గుర్తు రాలేదు. మూడింటికి జూలీకి వేయించాల్సిన సూది మాత్రం గుర్తొచ్చింది. వాయిదా అడిగాడు, ఇచ్చారు. కోర్టులో అడిగింది మొదటిసారి దొరికిందని మురిసిపోయి, బయట అందరికీ పాలకోవా పంచాడు. దేవ్లా చేతిలోనూ ఒకటి పెట్టాడు.

"పని అయిందా సారూ?"

"అవ్, అయింది పో. నేను జల్దీ పోవాలె."

సాయంత్రం పశువుల దవాఖానా నుంచి వస్తుంటే జైలు గేటు ముందు దేవ్లా కనిపించాడు.

"ఇంకా పోలేదా? ఏంది గిక్కడ?"

"పిల్లగాడు వస్తడు గద సారూ. మీరిచ్చిన మిఠాయి ఆనికే దాచిన."

సుకుమార్ జూలీకి గాలి తగలకుండా నల్లకోటు కప్పి, బండి పోనిచ్చాడు.