గ్రావెల్ దిబ్బ మీద పలకరాయి

1995. దోహాలో కట్టడాలు ఊపందుకున్న రోజులు. కాంక్రీటుకు పనికొచ్చే ఇసుక, కంకర ఎక్కడెక్కడ ఉన్నాయో మ్యాపు గీయడం నా డ్యూటీ. చలిదేశాల్లో కంకరను మంచు మోసుకొచ్చి పోస్తుంది. ఖతర్ దక్షిణాన ఆ పని ఎప్పుడో ఎండిపోయిన నది చేసింది. అది దొర్లించుకొచ్చిన గులకరాళ్ళ దిబ్బలే మా భాషలో గ్రావెల్. సముద్రం పక్క ఇసుకలో ఉప్పు ఎక్కువ, ఇనుమును తినేస్తుంది. అందుకే కంపెనీ కళ్ళన్నీ ఆ దిబ్బల మీదే.

లోపల సరుకెలా ఉందో చూడటానికి జేసీబీతో గొయ్యి తీయిస్తాం. దాన్ని ట్రయల్ పిట్ అంటారు. చోటు ముందురోజే గుర్తు పెట్టాలి. చెక్కమేకులు కొడితే ఒంటెల కాపరులు టీ కాచుకోవడానికి పీక్కుపోయేవారు. విసుగొచ్చి మా ఆపరేటర్ రాజన్న రాయి నిలబెట్టి సున్నం పూసేవాడు. రాజన్నది జగిత్యాల వైపు. దోహా దగ్గరి ఉమ్ సలాల్ తోటల్లో పనిచేసినందువల్ల అరబ్బీ బాగా వచ్చు.

ఆ ఉదయం అతను బకెట్ ఎత్తేసరికి నా చూపు గుర్తురాయి మీద పడింది. పొడుగాటి సున్నపురాతి పలక. నది దొర్లించిన దిబ్బ మీద గుండ్రాళ్ళుండాలి గానీ పలకకేం పని?

"ఆపు రాజన్నా. ఈ రాయెక్కడిది?"

"గా పక్కన పడున్నయి సార్. మంచిగున్నదని ఒకటి తెచ్చి పెట్టిన."

వెళ్ళి చూశాను. ఇసుకలో సగం కూరుకుపోయిన పలకలు. పాతరోజుల్లో ఒంటెలతో తిరిగేవాళ్ళు ఎవరైనా పోతే పూడ్చి, తలవైపు రాయి పెట్టి సాగిపోయేవారు. పేరు రాసేవారు కాదు. ఇవి సమాధులే.

అంతలో పికప్‌లో ఒక ముసలాయన వచ్చాడు. దూరం నుంచి మిషన్‌ను చూశాడట. నేరుగా మా గుర్తురాయి దగ్గరికెళ్ళి, దానిలోని గవ్వ అచ్చును వేలితో తడిమి ఏదో అడిగాడు. రాజన్న నావైపు తిరిగాడు.

"వాళ్ళమ్మ రాయట సార్. ఈయన చిన్నగున్నప్పుడు తొవ్వల పానం పోయిందట. నాయిన సముద్రం కాడికెల్లి తెచ్చిన రాయట. గీ గవ్వతోనే గుర్తుపడ్తడట. ముందు ఏడుండెనని అడుగుతున్నడు."

"చూపించు మరి."

రాజన్న కాసేపు అటూ ఇటూ తిరిగాడు. గాలికి ఇసుకంతా ఒకేలా పరుచుకుంది. "యాదికొస్తలేదు సార్," అని ఏడ్చేశాడు.

ముసలాయన పోలీసుల్ని పిలుస్తాడనుకున్నాను. పిలిచినా తప్పనేవాణ్ణి కాదు. రాజన్న రాయి తీసి అటువైపు ఎక్కడో పెట్టబోతే ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు. "ఉత్తగ పెట్టొద్దంటున్నడు సార్. తెల్వనిచోట పెడితే అబద్ధమైతదట." రాయి అక్కడే ఉండిపోయింది. ఆయన దానికి ఎదురుగా నిలబడి సలాం చెప్పి వెళ్ళిపోయాడు.

దోహా ఆఫీసులో మేనేజరు మ్యాపు చూసి, "మంచి గ్రావెల్ అక్కడే ఉందన్నారుగా, తెల్లగా వదిలేశారేంటి?" అన్నారు.

"అక్కడ మనుషులున్నారు సార్."

ఆయన మ్యాపు మడిచి ఫైల్లో పెట్టారు.

అప్పట్నుంచి ఏ నేల మీద కాలు పెట్టినా, అక్కడ ఉండకూడని రాయి ఏదైనా ఉందా అని ముందు వెతుకుతాను. నేల తెచ్చుకున్నదాన్నే కాదు, మనుషులు తెచ్చిపెట్టినదాన్నీ చూడాలని ఆ దిబ్బ నేర్పింది.

కొన్ని నెలల తర్వాత అటుగా వెళ్ళాను. సున్నం రాలిపోయింది. రాయి చుట్టూ ఇసుక ఎవరో చేత్తో తుడిచినట్టుంది. దాని కింద గ్రావెల్ తప్ప ఏమీ లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా వచ్చి వెళ్తున్నాడు.